పచ్చ దీపం వచ్చేదాకా నొక్కండి

ఆ పెట్టె మా గుమ్మం పక్కనే ఉండేది. రెండో అంతస్తు మెట్లెక్కగానే, మా తలుపు పక్క గోడకి, మనిషి భుజం ఎత్తులో. టిఫిను డబ్బా అంత ఉంటుంది. బూడిద రంగు. పైన ఒక ఎర్ర దీపం, ఒక పచ్చ దీపం, కింద ఒక బొత్తాం. చూస్తే ఏముంది దాంట్లో అనిపిస్తుంది.

మా వీధి కింద రైలు కోసం సొరంగం తవ్వుతున్నారు అప్పట్లో. తవ్వేవాళ్ళే వీధి పొడుగునా ఇంటికొక పెట్టె బిగించారు. మా ఇంట్లో బిగించడానికి వచ్చిన మెకానిక్కు మంచివాడు, విసుక్కోకుండా చెప్పాడు.

"పెద్దాయనా, మీరేం పని చేసేవారు?" అన్నాడు.

"సిటీ బస్సు నడిపేవాణ్ణి."

"నడుపుతుంటే ఇంజను చప్పుడు వినపడేదా?"

"రోజూ ఉండేదే కదా, ఏం వినపడుతుంది. తేడా వస్తే వినపడేది."

"ఇదీ అంతే. గోడ ఊగితే లోపలున్న చిప్పు ఆ ఊపుని అంకెలుగా మారుస్తుంది. ఆ అంకెల్ని జల్లించడానికి ఒక జల్లెడ ఉంది. రోజూ ఉండే ఊపులు జల్లెడలో ఆగిపోతాయి. కొత్తదేదైనా వస్తే జారి కిందపడుతుంది, అప్పుడు కూస్తుంది. కిందపడ్డ అంకెలు రోజూ పొద్దున్న మా ఆఫీసుకీ వెళ్తాయి. గోడ ఒరిగినా అంతే. జల్లెడ కన్నాలు మనం మార్చక్కర్లేదు, అదే చూసుకుని సర్దుకుంటుంది."

"ఊరికే కూస్తే?"

"ఈ బొత్తాం నొక్కి పట్టుకోండి, పచ్చ దీపం వచ్చేదాకా. ఇది మామూలే అని దానికి చెప్పినట్టు."

వెళ్తూ వెళ్తూ ఆ ముక్కే కాగితం మీద రాసి పెట్టె కింద అంటించి పోయాడు. పచ్చ దీపం వచ్చేదాకా నొక్కండి అని.

కింద అంతస్తులో ప్రింటింగ్ ప్రెస్సు ఉండేది. శుభలేఖలూ బిల్లు పుస్తకాలూ వేసే పాత మిషను. పొద్దున్న అది మొదలైందంటే సాయంత్రందాకా ఇల్లంతా దడదడలాడేది. మొదట్లో పెట్టె దానికే కూసేది. సన్నగా, చెవిలో పుల్ల పెట్టి తిప్పినట్టు ఉండేది ఆ కూత. నొక్కేవాళ్ళం. ఆగేది. కొన్నాళ్ళకి ప్రెస్సుకి కూయడం మానేసింది, అలవాటైపోయింది దానికి. ఆ తర్వాత కూడా ఎప్పుడైనా ఒకసారి కూసేది. మేం మళ్ళీ నొక్కేవాళ్ళం.

పై అంతస్తులో ట్యూషన్లు చెప్పే టీచరమ్మ ఉండేది. ఆవిడ చేతిలో సంచులుంటే మోచేత్తో నొక్కేది. ఆవిడ దగ్గరికొచ్చే పిల్లలు నేనంటే నేనని తోసుకుని మరీ నొక్కేవారు. ప్రెస్సాయన కాఫీ తాగడానికి మా ఇంటికొస్తూ నొక్కేవాడు. దానికి చంటిది అని పేరు పెట్టింది ఆయనే.

"డ్రైవరుగారూ, చంటిది లేచినట్టుంది," అని కింద నుంచి కేకేసేవాడు.

"నువ్వే వచ్చి జోకొట్టు," అనేవాణ్ణి నేను.

మా ఆవిడ అప్పటికి మంచం మీద ఉంది. స్నానాల గదిలో జారిపడి తుంటి విరిగింది. ఆపరేషను చేసి, లేవకూడదు, పక్కకి కూడా మెల్లిగా తిరగాలి అన్నారు. ముందు గదిలో కిటికీ దగ్గర మంచం వేశాను. మందూ మాకూ అన్నీ నా చేతి మీదే. ఆవిడకి ఆ కూత పడేది కాదు. "ఏవండీ, ఆ నోరు ముయ్యించండి ముందు," అనేది. నేను లేచి వెళ్ళి నొక్కి వచ్చేవాణ్ణి.

ఒకరోజు ఆవిడ, "తల కిందికి జారిపోతున్నట్టుందండీ," అంది. మంచం కోడు కింద ఏదైనా పెడదామని కిందికెళ్తే ప్రెస్సాయన శుభలేఖల అట్ట ముక్కలు ఇచ్చాడు, అంచులు కత్తిరించగా మిగిలినవి. తలవైపు కోళ్ళ కింద చెరో అట్ట మడిచి పెట్టాను. బాగుందంది. కొన్నాళ్ళకి మళ్ళీ జారుతోందంది. ఇంకో అట్ట పెట్టాను. మెత్తటి అట్ట కదా, బరువుకి అణిగి ఉంటుందనుకున్నాను. తర్వాత ఇంకోటి.

మాత్రలు చెయ్యి జారితే ఎటు పోతాయో మాకు తెలుసు. బీరువా కిందికి. వెతకక్కర్లేదు, చీపురు పుల్ల పెట్టి లాగితే చాలు. వీధి తలుపు దానంతటదే మూసుకుపోతుండేది. మూసుకుంటే మళ్ళీ తీయడానికి భుజం ఆనించి తోయాలి. అందుకని పగలల్లా ఇటుక అడ్డం పెట్టేవాణ్ణి, రాత్రిళ్ళు దగ్గరగా వేసి గొలుసు తగిలించేవాణ్ణి. పాత ఇల్లు, తడికి చెక్క ఉబ్బిందనుకున్నాం. పాత ఇళ్ళల్లో ఇవన్నీ ఉండేవే.

మా అమ్మాయి తల్లిని చూసుకోవడానికి సెలవు పెట్టి వచ్చింది. దానిది చిప్పులు పరీక్ష చేసే ఉద్యోగం. వాళ్ళ ఊళ్ళో కంపెనీ తయారుచేసిన చిప్పులన్నీ దాని బల్ల మీదికి వస్తాయి, పనిచేస్తాయో లేదో చూసి పంపాలి. చక్రాల పెట్టె ఈడ్చుకుంటూ మధ్యాహ్నం దిగింది. గుమ్మంలో ఇటుక అడ్డమొస్తే కాలితో పక్కకి నెట్టి, పెట్టె లోపలికి లాగి, తల్లి పక్కన కూర్చుంది.

"చిక్కిపోయావే అమ్మా."

"మీ నాన్న వంట తింటే ఎవరైనా చిక్కుతారు."

"నేను వచ్చానుగా. రేపటినుంచి నా వంట."

"అయితే ఆయన వంటే నయమేమో," అంది మా ఆవిడ. ముగ్గురం నవ్వాం.

నవ్వుతుండగానే అమ్మాయి చక్రాల పెట్టె కదిలింది. ఎవరూ ముట్టుకోలేదు. గది మధ్యలో నిలబెట్టిన పెట్టె, ఎవరో వెనకనుంచి మెల్లిగా తోస్తున్నట్టు, నేల మీద సాగుతూ వెళ్ళి బీరువాకి కొట్టుకుని ఆగింది.

"అది అటే పోతుంది," అన్నాను.

"ఏమిటి పోయేది?"

"ఏదైనా. మాత్రలు కూడా అటే పోతాయి."

అమ్మాయి నవ్వలేదు. లేచి వెళ్ళి పెట్టెని వెనక్కి తెచ్చి అదే చోట నిలబెట్టింది. చెయ్యి తీసింది. పెట్టె మళ్ళీ సాగింది. ఈసారి ఇంకాస్త తొందరగా వెళ్ళినట్టనిపించింది నాకు.

"నాన్నా, కిందటిసారి నేను వచ్చినప్పుడు ఇలా లేదు."

"ఎందుకు లేదు, ఎప్పుడూ ఉన్నదే."

"లేదు నాన్నా. ఈ పెట్టే తెచ్చాను. ఇక్కడే పెట్టాను. కదల్లేదు."

తర్వాత మోకాళ్ళ మీద కూర్చుని మంచం కిందికి వంగి చూసింది. చాలాసేపు అలాగే ఉంది. నాకు దాని వీపు మాత్రమే కనపడుతోంది.

"నాన్నా, ఇటు రండి."

నేనూ వంగాను. రోజూ ఆ మంచం పక్కనే తిరుగుతాను, అట్టలన్నీ నా చేత్తో పెట్టినవే, ఒక్కసారీ అలా వంగి చూడలేదు. ఎర్రవీ పసుపువీ తెల్లవీ అట్టలు ఒకదాని మీద ఒకటి. అన్నీ కలిసి ఇటుక మందం ఉన్నాయి. కాళ్ళవైపు కోళ్ళ కింద ఏమీ లేదు. మంచం మాత్రం సమంగా ఉంది. మంచం సమంగా ఉందంటే నేల ఎంత ఒరిగిందో ఆ అట్టలే చెప్తున్నాయి.

"ఏమిటి ఇద్దరూ మంచం కింద?" అంది మా ఆవిడ పైనుంచి. "నిధి దొరికిందా?"

"ఏం లేదులే," అన్నాను.

అమ్మాయి లేచి, తల్లికి వినపడకుండా మెల్లిగా అడిగింది. "బయట గోడకి పెట్టె చూశాను. అది ఎప్పుడూ కూయలేదా?"

"కూస్తుంది అప్పుడప్పుడు. నొక్కితే ఊరుకుంటుంది."

"ఎవరు నొక్కుతారు?"

"అందరం. కాగితం కూడా అంటించారు చూడు."

అమ్మాయి నా మోచెయ్యి పట్టుకుని, అప్పటికే సగం మూసుకున్న తలుపు వెనక్కి లాగి, బయటికి, పెట్టె ముందుకి తీసుకెళ్ళింది.

"నాన్నా, నేను రోజూ పరీక్ష చేసేది ఇలాంటి చిప్పులే. దీని జల్లెడ రోజూ కొంచెం కొంచెంగా తనే సర్దుకుంటుంది. చప్పుళ్ళకి అది మంచిదే. బొత్తాం నొక్కితే మాత్రం ఒక్కసారిగా సర్దుకుంటుంది. ఇప్పుడు గోడ ఎలా ఉందో అదే సరైనది, ఇక్కడినుంచి లెక్క మొదలుపెట్టు అని చెప్పినట్టు. ఇల్లు కాస్త ఒరిగింది, కూసింది. మీరు నొక్కారు. ఒరిగినదే సున్నా అనుకుంది. ఇంకాస్త ఒరిగింది, మళ్ళీ కూసింది."

"మళ్ళీ నొక్కాం," అన్నాను.

"మంచానికి మీరు అట్టలు పెట్టారే, ఇదీ లోపల అలాగే అట్టలు పెట్టుకుంటూ వచ్చింది."

"మరి సొరంగం ఆఫీసులో చూస్తుంటారు కదా. వాళ్ళకి తెలియదా?"

"వాళ్ళకి వెళ్ళేది జల్లెడ దాటిన అంకెలే నాన్నా. వాళ్ళ దగ్గర మన ఇల్లు పచ్చగా ఉంటుంది."

గోడకి ఆనుకోబోయాను. ఆ గోడకే ఆనుకోబోతున్నానని తెలిసి చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

అమ్మాయి జడలోంచి పిన్ను తీసింది. పెట్టె అడుగున చిన్న కన్నం ఉంది, నేనెప్పుడూ చూడలేదు. "బిగించిన రోజు కొలత లోపల దాచి ఉంటుంది. ఇది నొక్కితే నేర్చుకున్నదంతా మర్చిపోయి ఆ రోజుకి వెళ్తుంది. నేను అనుకున్నది తప్పయితే ఊరుకుంటుంది."

తప్పవ్వాలని దణ్ణం పెట్టుకున్నాను. పిన్ను లోపలికి వెళ్ళింది. దీపాలు రెండూ ఆరిపోయాయి. ఎర్ర దీపం వెలిగింది.

ఇన్నాళ్ళూ విన్న కూత కాదది. సన్నటిది కాదు, చిన్నది కాదు. మెట్లన్నీ దాంతో నిండిపోయాయి. పళ్ళు జివ్వుమన్నాయి.

"అమ్మని దింపాలి. ఇప్పుడే," అని అమ్మాయి వెనక్కి తిరిగింది. నేనూ తిరిగాను. అప్పుడు చూశాను తలుపుని. ఇటుక పక్కకి పోయింది కదా. తలుపు దానంతటదే, ఏ తొందరా లేకుండా, మూసుకుంటోంది. నేను చెయ్యి చాపేలోపు గడపని తాకి, టక్కుమని దిగబడింది.

భుజం ఆనించి తోశాను. కదల్లేదు. ఇద్దరం కలిసి తోశాం. ఆ తలుపు పూర్తిగా వేసి ఎన్నాళ్ళయిందో. ఈలోగా ద్వారబంధం వంకర తిరిగిపోయింది. మూసుకున్న తలుపుని దవడలా కరిచి పట్టుకుంది.

లోపల్నుంచి మా ఆవిడ గొంతు. "ఏవండీ, చంటిదాన్ని ఊరుకోబెట్టండి. తల పగిలిపోతోంది."

"ఇదిగో, ఒక్క నిమిషం," అన్నాను. ఆవిడ లేవలేదు, మంచం దిగలేదు. లోపలి గడియ పడలేదు, పడినా తీయడానికి ఎవరూ లేరు.

పైనుంచి టీచరమ్మ దిగింది. చేతిలో సుద్దముక్క. "ఏమిటి బాబాయిగారూ ఇవాళ ఇంత గోల," అంటూనే, చూడను కూడా చూడకుండా, అలవాటుగా బొత్తాం మీదికి చెయ్యి పోనిచ్చింది. అమ్మాయి ఆవిడ మణికట్టు పట్టుకుంది.

"నొక్కకండి. పైన పిల్లలున్నారా?"

"ఉన్నారు. ఏం?"

"ముందు వాళ్ళని దింపెయ్యండి. సంచులూ గించులూ వద్దు. పరుగెత్తనివ్వకండి, గోడ ముట్టుకోనివ్వకండి."

టీచరమ్మ ఒక్క క్షణం దాని మొహం చూసింది. గబగబా పైకి వెళ్ళింది. కాసేపటికి పిల్లలు వరసగా దిగారు, చెవులు మూసుకుని. ఒకడు దిగుతూ దిగుతూ బొత్తాం వైపు చెయ్యెత్తాడు. టీచరమ్మ వాడి చెయ్యి మీద ఒక్కటి వేసింది.

కింద నుంచి ప్రెస్సాయన. "పైన ఎవరికీ చేతుల్లేవా?"

"బాబాయ్, ముందు మిషను ఆపండి," అని అరిచింది అమ్మాయి. "ఇనప కడ్డీ ఏదైనా ఉంటే తీసుకురండి. అమ్మ లోపల ఇరుక్కుంది."

దడదడ ఆగింది. మేమంతా ఇన్నాళ్ళూ ఆ ప్రెస్సు వల్లే పెట్టె ఏడుస్తోందనుకున్నాం. ప్రెస్సు ఆగింది, కూత ఆగలేదు. ఆ కూత అడుగున ఇంకో చప్పుడు వినపడింది నాకు. గోడ లోపల ఇసక జారుతున్నట్టు, ఆగకుండా, సన్నగా. ఎన్నాళ్ళనుంచి జారుతోందో. ప్రెస్సు నడుస్తుంటే ఎవరికి వినపడుతుంది.

ప్రెస్సాయన మిషను చక్రం తిప్పే కడ్డీ పట్టుకుని వచ్చాడు. కీళ్ళవైపు సందులో కడ్డీ దూర్చాడు. నేనూ పట్టుకున్నాను. ఒక్క గుంజుకి చెక్క చిట్లింది. ఆ చిట్లడంతోపాటు మా తల మీద ఎక్కడో గోడ కూడా పటుక్కుమంది. సున్నం పొడి భుజాల మీద రాలింది. ద్వారబంధం మూలనుంచి వెంట్రుక లాంటి గీత ఒకటి బయల్దేరి, మేం చూస్తుండగానే, పై అంతస్తు మెట్ల వైపు పాకిపోయింది.

"ఇంకోసారి గుంజితే?" అన్నాడు ప్రెస్సాయన.

పైకప్పు చూశాను. తలుపు చూశాను. "గుంజు," అన్నాను.

పై కీలు ఊడింది. తలుపు వాలింది. ఆ సందులోంచి దూరాను. మా ఆవిడ మంచం మీద మోచేతుల మీద లేచి ఉంది.

"తలుపు విరగ్గొట్టారా? ఇంటాయన ఊరుకుంటాడా?"

"నేను మాట్లాడుకుంటాలే. కుర్చీలో కూర్చోబెడతాం, నొప్పి పుడుతుంది, ఓర్చుకో."

"ఎందుకండీ, ఈ ఊగడం ఇవాళ కొత్తా ఏమిటి?"

"కొత్త కాదు. అదే భయం."

ఆవిడ నా మెడ చుట్టూ చేతులు వేసింది. పేము కుర్చీలో కూర్చోబెట్టి, వాలిన తలుపుని పక్కకి లాగేసి, ప్రెస్సాయన ముందు, నేనూ అమ్మాయీ వెనక పట్టుకుని దిగాం. తుంటి కదిలినప్పుడల్లా ఆవిడ పెదవి కొరుక్కుంటోంది, మూలగలేదు. మెట్ల మలుపులో నేను అలవాటుగా పిట్టగోడ మీద చెయ్యి వేశాను. అది గోడని వదిలేసి ఉంది. ఆ సందులోంచి కింద ప్రెస్సు గదిలో దీపం కనపడుతోంది. చెయ్యి తీసేశాను. ఎవరికీ చెప్పలేదు. అడుగు తర్వాత అడుగు వేశాం.

రోడ్డు అవతలిదాకా వెళ్ళాక కుర్చీ దించాం. టీచరమ్మ పిల్లలందర్నీ ఒక అంగడి అరుగు మీద నిలబెట్టి తలలు తడిమి చూసుకుంటోంది. అమ్మాయి సొరంగం వాళ్ళ ఆఫీసుకి ఫోను చేసింది. "పొద్దున్న వచ్చిన లెక్కలో మీ బిల్డింగు పచ్చగానే ఉందమ్మా," అంటున్నాడు అవతలివాడు. అమ్మాయి ఫోను ఎత్తి ఇంటి వైపు పట్టింది, వినమని. రోడ్డు ఇవతలికి కూడా వినపడుతోంది ఆ కూత.

అప్పుడే అది ఆగిపోయింది.

అందరం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. ఎవరో నొక్కారని అనిపించింది. లోపల ఎవరు మిగిలారు? టీచరమ్మ పిల్లల వైపు తిరిగి పేరు పేరునా పిలుస్తోంది, అందరూ పలుకుతున్నారు. ప్రెస్సాయన నా పక్కనే ఉన్నాడు. మా ఆవిడ నా చెయ్యి పట్టుకుంది, వేళ్ళు నొప్పెట్టేట్టు.

ఎవరూ నొక్కలేదు. పెట్టె తగిలించిన గోడే లేదు. మెట్ల గది మొత్తం, బరువైన మనిషి నిట్టూర్చి కూలబడ్డట్టు, లోపలికి లోపలే కూర్చుంది. ముందు ద్వారంలోంచి తెల్లటి దుమ్ము రోడ్డు మీదికి వచ్చింది. మా కిటికీ మాత్రం అలాగే ఉంది. లోపల మంచం కనపడుతోంది, సమంగా.

తర్వాత సొరంగం వాళ్ళు పరుగెత్తుకొచ్చారు. పనులు ఆపారు. వీధిలో మిగతా పెట్టెలన్నిటికీ పిన్నులు గుచ్చించింది మా అమ్మాయి, ఇంటింటికీ వాళ్ళని దగ్గరుండి తీసుకెళ్ళి. ఇంకో రెండు కూశాయి. ఆ ఇళ్ళవాళ్ళు కూడా కట్టుబట్టలతో రోడ్డు మీదికి వచ్చారు. మా ఇంటికి దూలాలు ఊతంగా పెట్టారు కానీ నిలవదని కొన్నాళ్ళకి పడగొట్టేశారు.

ఇప్పుడున్న ఇల్లు కింది అంతస్తే. గట్టి ఇల్లని చెప్పారు. మా ఆవిడ కర్ర పట్టుకుని నాలుగడుగులు వేస్తోంది. మంచం కోళ్ళ కింద ఏమీ లేవు. రోజూ పొద్దున్న మాత్ర వేసుకునే ముందు ఆవిడ దాన్ని నేల మీద పెట్టిస్తుంది. నేను వంగి పెడతాను. ఇద్దరం చూస్తాం. కదలదు. తుడిచి ఇస్తే మింగుతుంది.

నిన్న కూడా అలాగే పెట్టాను. "కదల్లేదులే," అన్నాను.

"మీరు చెప్పకండి," అంది.

"నువ్వూ చూశావుగా."

"నేనూ చెప్పకూడదు. ఇక్కడే ఉంటున్నాంగా ఇద్దరం."

నిజమే. నేను ఆ మాత్రని ఎన్నాళ్ళనుంచి చూస్తున్నాను? కదలనిదాన్ని చూస్తున్నానా, కదిలినా చూడలేని కళ్ళతో చూస్తున్నానా? అప్పుడే పార్సిలు తెచ్చినతను తలుపు కొట్టాడు. సంతకం అడిగాడు. ముందు లోపలికి రమ్మన్నాను. కొత్త మనిషి, ఈ గుమ్మం ఎప్పుడూ తొక్కలేదు. అతని చేతిలో మాత్ర పెట్టి, గది మధ్యలో నేల మీద పెట్టి చూడమన్నాను. మమ్మల్ని ఎగాదిగా చూశాడు. అయినా మోకాళ్ళ మీద కూర్చుని పెట్టాడు.

"కదిలిందా బాబూ?" అంది మా ఆవిడ మంచం మీదనుంచి.

అతను నేలకి ఇంకాస్త వంగాడు. తల పక్కకి వంచి చూస్తున్నాడు. మేమిద్దరం మాత్ర వైపు చూడలేదు. అతని మొహమే చూస్తూ కూర్చున్నాం.